లేని దగ్గు

జూన్ 11, 2006. తెనాలి

ఫోటో పేపరు కంపెనీ వాళ్ళు ఆయనకి ఏటా ఒక డైరీ ఇస్తారు. ఈ ఏడాదిది జనవరి నుంచీ టీవీ మీదే పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి మొదలుపెట్టాను. రాయాలనిపించింది మరి. నిన్న సాయంత్రం ఆయన నాతో మాట్లాడారు.

పెళ్ళయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ మాటలంటే, "బ్యాటరీ చార్జింగు పెట్టావా?", "రేపు పెళ్ళి ఉంది, రాను", "అమ్మ మందు వేసుకుందా?" అంతే. మనిషిలో వంక పెట్టడానికేమీ లేదు. కసరడు, విసుక్కోడు. మాటే ఉండదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ వీడియో తీసి తీసి, అందరి మాటలూ విని విని, తన మాటలు ఎక్కడ పెట్టారో మర్చిపోయారేమో అనుకునేదాన్ని.

నిన్న పిట్టలవానిపాలెంలో పెళ్ళి వీడియో తీసి వచ్చారు. పెరటి మెట్ల మీద కూర్చుని చిన్న సీసా తీసి తాగుతుంటే అడిగాను.

"ఏంటండీ అది?"

"దగ్గు మందు. జార్జి ఇచ్చాడు. కెమెరా మోసి మోసి ఒళ్ళు నొప్పులు కదా, హాయిగా ఉంటుంది."

జార్జిది బాపట్ల. వీళ్ళిద్దరూ కలిసే పెళ్ళిళ్ళు చేస్తారు. ఈయన కెమెరా, అతను లైటు.

కాసేపటికి ఆయనంతట ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నిమ్మకాయల మార్కెట్లో తప్పిపోయి బస్తాల మీద నిద్రపోయారట. వాళ్ళ అబ్బా ఊరంతా వెతికి, దొరికాక కొట్టకుండా వాసన చూసి, "నా కొడుకు పచ్చడయిపోయాడు" అన్నారట. నేను నవ్వుతూనే ఉన్నాను. నా ఒళ్ళో తల పెట్టుకుని ఇంకా చెప్పారు. అత్తమ్మ లోపల టీవీ చూస్తోంది. ఆయన మూతలో కొంచెం పోసి నాకిచ్చారు. మొదట తియ్యగా, తరవాత చేదుగా. ఛాతీలో ఎవరో దుప్పటి కప్పినట్టయింది.

"అబ్బా పోయాక ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు నగ్మా" అన్నారు.

ఆ మాట కోసమే ఈ డైరీ తెరిచాను.

జూన్ 14

ఇవాళ పెళ్ళీ లేదు, బరువులూ లేవు. అయినా సీసా తీశారు. మాట్లాడారు. సాయంత్రం వాన పడింది. మంచి రోజు.

జూన్ 22

నేను తాగడం లేదు. దాని మీద నాకు ఆలోచనే లేదు. ఒకసారి మూత వాసన చూశాను, అంతే.

జూన్ 25

తోడు కోసం కొంచెం తీసుకున్నాను. ఒక్కరే తాగుతుంటే ఆయనకి బాగుండదు కదా.

జూలై 9

బాపట్ల వెళ్ళొచ్చాం. జార్జి భార్య ప్రశాంతిని మొదటిసారి చూశాను. బ్యూటీ పార్లర్లో పని చేస్తుంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే నా రెండు చేతులూ పట్టుకుని, "జార్జికి ఫహీం అన్నయ్యంటే అన్నయ్యే. అంటే నువ్వు నాకు అక్కవో వదినవో. అక్కలు నాకు ముగ్గురున్నారు, వదినే లేదు" అంది. అప్పటి నుంచి వదినా, వదినా అని ఒకటే పిలుపు. ఇంత త్వరగా నన్ను ఎవరూ సొంతం చేసుకోలేదు.

సూర్యలంక బీచికి వెళ్ళాం. సరుగుడు తోపులో చాప పరిచి పులిహోర, చేపముక్కలు తిన్నాం. తరవాత సీసా బయటికొచ్చింది. నలుగురం ఒకరి తరవాత ఒకరం తాగుతుంటే అది మందులా లేదు. పులిహోర లాగే అదీ ఇంటి నుంచి తెచ్చుకున్నదేదో అనిపించింది. తప్పయితే నలుగురిలో ఒకరైనా వద్దంటారు కదా.

మాటల్లో జార్జి అన్నాడు, ఈ మధ్య మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేనిదే ఇవ్వడం లేదని. ప్రశాంతి వెంటనే, "మీ ముఖాలు చూస్తే ఎవడిస్తాడు? ఆడవాళ్ళు అడగాలి. నేనడిగితే పాపం ఇంట్లో ఎవరికో బాగాలేదు అనుకుంటాడు. వదినైతే మరీను. బురఖా వేసుకుని రెండుసార్లు దగ్గితే చీటీ మాటే ఎత్తరు" అంది. లేచి నిలబడి కొంగు కప్పుకుని దగ్గి చూపించింది. మేం పడీ పడీ నవ్వాం.

"ఏదీ, నువ్వు దగ్గు వదినా."

దగ్గాను. ఆయన చప్పట్లు కొట్టారు. "ప్రశాంతి కంటే నగ్మాదే బాగుంది" అన్నారు. వచ్చేటప్పుడు రైల్లో అప్పికట్ల దాటేదాకా దాన్ని తలుచుకుని నవ్వుతూనే ఉన్నారు.

జూలై 17

ఇవాళ ఒక మందుల షాపులో దగ్గాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి ఆయన చేతిలో పెడితే, ఆయన కళ్ళల్లో వెలుగు! బంగారం తెచ్చినా అలా చూసేవారు కాదు.

ఆగస్టు 6

ఒకే షాపుకి వెంటవెంటనే వెళ్ళకూడదు. ఇది ప్రశాంతి చెప్పిన కిటుకు. అందుకని తెనాలిలో ఒక వీధి, మరోసారి ఇంకో వీధి. బాపట్లలో తను కొంటుంది. నేను అమ్మని చూసే వంకతో రేపల్లె వెళ్తున్నాను. అమ్మ సంబరపడిపోతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్నిసార్లు రాలేదే అంటుంది. చేపల పులుసు వండి పెట్టింది. మధ్యలో లేచి షాపుకి వెళ్ళొచ్చాను.

రేపల్లెలో వెంకటకృష్ణయ్యగారి షాపు. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అక్కడికే. నన్ను చూడగానే గుర్తుపట్టి, "ఏమ్మా నగ్మా, ఎవరికి బాగాలేదు?" అన్నారు.

"మా అత్తగారికండి. దగ్గు."

ఆయన దగ్గర దగ్గలేకపోయాను. అందుకే అత్తమ్మ పేరు చెప్పాను. ఇచ్చారు.

ఆగస్టు 19

శ్రావణం పెళ్ళిళ్ళు. ఆయన ఇంట్లో ఉండడం లేదు. నాలుగు రోజులకోసారి వచ్చి, తాగి, చక్కగా కబుర్లు చెప్పి పడుకుంటున్నారు. ఆయన లేనప్పుడు నేను తాగాల్సిన పని లేదు నిజానికి. కానీ తాగితే ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఆగస్టు 27

బియ్యం డబ్బా వెనక పెట్టిన సీసా అత్తమ్మకి దొరికింది.

"ఇది ఎవరిది బేటీ?"

"నాదే అత్తమ్మా. దగ్గు" అన్నాను. అని ఊరుకుంటే పోయేది. నమ్మాలని దగ్గాను కూడా.

అత్తమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. నా ముఖం వంక చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

మామయ్య బుడే సాహెబ్ గారు క్షయతో పోయారు. నేనెప్పుడూ చూడలేదు ఆయన్ని, పెళ్ళికి ముందే పోయారు. ఈ ఇంట్లో దగ్గంటే ఏంటో నాకు అప్పుడు తట్టలేదు. తట్టాల్సింది.

ఆగస్టు 29

పొద్దున్నే మిరియాలు, అల్లం, తులసి వేసి కషాయం. మళ్ళీ మధ్యాహ్నం. తులసి కోసం పక్కింటి సుశీలగారిని అడుగుతోంది. నేను తాగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. గొంతు మండిపోతోంది. తాగుతున్నాను.

సెప్టెంబరు 3

సుశీలగారు గోడ మీద నుంచి చెప్పడం విన్నాను. "అదేనేమో కరీమాబీ, ఎందుకైనా మంచిది, ఆ అమ్మాయి కంచం, గ్లాసు వేరుగా పెట్టు." మంచికే చెప్పిందావిడ.

అత్తమ్మ లోపలికొచ్చి, నేను తాగి పెట్టిన గ్లాసులో మిగిలిన నీళ్ళు గటగటా తాగేసింది.

"అదేంటి అత్తమ్మా!"

అప్పుడు చెప్పింది. ఉర్దూలో చెప్పింది, తెలుగులో రాస్తుంటే సగం జారిపోతోంది. "ఆయనకి వచ్చినప్పుడు అందరి మాటా విన్నాను. ఆయన గ్లాసు విడిగా పెట్టాను. కిటికీలో ఉండేది ఆ గ్లాసు. నీళ్ళు కావాలని అడగడం మానేశాడు నగ్మా. దాన్ని చూస్తూ పడుకునేవాడు. నీ గ్లాసు నేను విడిగా పెట్టను. వస్తే నాకూ రానీ."

సాయంత్రం ఆయనకి చెప్పాను. విని, "మానేద్దాం" అన్నారు. నేనూ అవునన్నాను. మానేద్దాం అని నిర్ణయించుకున్నాక మనసు తేలికపడింది. ఆ తేలికలో సీసాలో ఉన్నది ఇద్దరం పూర్తి చేశాం.

సెప్టెంబరు 14

అత్తమ్మ నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే. ఫలితం వచ్చేదాకా బెంచీ మీద తసబీ మాల తిప్పుతూ కూర్చుంది. డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి ఎత్తి, "ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయండి మామ్మగారూ" అంది. అత్తమ్మకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ఆ డాక్టరమ్మ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

డాక్టరమ్మ నన్ను చూసి అడిగింది. "దగ్గుకి ఏం వాడుతున్నావమ్మా?"

"కషాయమండి."

ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి, "మళ్ళీ రావాలనిపిస్తే రా. ఒక్కదానివే వచ్చినా పర్లేదు" అంది.

అబద్ధమేం చెప్పలేదు. కషాయం వాడుతున్నాను కదా.

సెప్టెంబరు 24

రేపటి నుంచి రోజా, రంజాను ఉపవాసాలు. ఈ నెలంతా ముట్టుకోం. ఖురాను మీద ఒట్టు పెట్టుకుందామన్నారు ఆయన. వద్దులెండి, మామూలుగా అనుకుందాం అన్నాను. ఎందుకలా అన్నానో.

సెప్టెంబరు 27

ముక్కు కారుతోంది. ఆవలింతలు. కాళ్ళు లాగుతున్నాయి. మొన్న వాన పడింది కదా, జలుబు.

సెప్టెంబరు 28

ఆయనకీ అదే జలుబు. అన్నం సరిగా ఉడకలేదని కంచం నెట్టేశారు. ఎప్పుడూ అలా చెయ్యలేదు. తరవాత వచ్చి నా పక్కన కూర్చున్నారు కానీ ఒక్క మాట లేదు. పాత మనిషి. పాత నిశ్శబ్దం. మాటల కోసం ఆయన వైపు చూస్తూ కూర్చున్నాను, గుమ్మం దగ్గర పిల్లి కూర్చున్నట్టు.

సెప్టెంబరు 30

నేనే వెళ్ళి తెచ్చాను. ఆయన అడగలేదు.

అక్టోబరు 8

పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడగానే అత్తమ్మ ఖర్జూరం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటుంది. నేను వంటింటి తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఇవాళ రోజా దేంతో విడిచానో రాయను.

గంజి తాగుతూ అత్తమ్మ అంది. "ఈ రంజానుకి నేను అడిగిందల్లా నీ దగ్గు పోవాలనే. తగ్గింది కదూ?"

"తగ్గింది అత్తమ్మా."

అక్టోబరు 25. పండుగ

జార్జి, ప్రశాంతి వచ్చారు. కేకు తెచ్చారు. ప్రశాంతి నాకు, అత్తమ్మకి కూడా చేతులకి మెహెందీ పెట్టింది. "ముసలి చెయ్యికెందుకు" అని అత్తమ్మ అంటూనే రెండో చెయ్యీ చాచింది. తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశాంతి చేతికి తన గాజులు తొడిగింది. "ఈ పిల్ల ఉంటే ఇల్లు గలగలలాడుతుంది" అంటోంది ఇందాకటి నుంచీ.

ప్రశాంతి వంటింట్లో నా చేతిలో కవరు పెట్టింది. "పండుగ కానుక వదినా." చిక్కిపోయింది. పార్లరు పని మానేసిందట, నిలబడలేకపోతోందట. అడుగుదామనుకున్నాను. కవరు బరువు చూసి అడగలేదు.

అక్టోబరు 30

వాయుగుండం. మూడు రోజులుగా వాన. బాపట్ల వైపు రైళ్ళు లేవు. చేలన్నీ చెరువులయ్యాయట. షాపులు మూసే ఉన్నాయి. ప్రశాంతి ఇచ్చినవి అయిపోతున్నాయి. ఇద్దరం పైకి ఏమీ అనం. సీసా ఎత్తు చూసుకుంటున్నాం.

నవంబరు 1

రాస్తున్నాను. రాయకపోతే రేపటికి ఇదీ ఇంకోలా గుర్తుంటుంది.

వానకి ఇల్లు చెమ్మ పట్టి అత్తమ్మకి జలుబు చేసింది. మధ్యాహ్నం నుంచి దగ్గు. నాలా కాదు. నిజం దగ్గు. ఒంగి, మంచం కోడు పట్టుకుని, ఊపిరి అందక. కాస్త ఆగాక అంది, "నగ్మా, నీ మందు ఉంది కదా బేటీ, ఒక చెంచా ఇవ్వు."

ఒక్క సీసా ఉంది. సగం. నా దుప్పట్ల కింద.

"అయిపోయింది అత్తమ్మా" అన్నాను.

ఆలోచించి అనలేదు. నోరు అనేసింది. అత్తమ్మ, "పోన్లే, కషాయం పెట్టుకుందాం, మిరియాలున్నాయా?" అని గోడకి ఆనుకుని పడుకుంది.

ఆయన గుమ్మంలో ఉన్నారు. విన్నారు. సీసా ఉందని ఆయనకి తెలుసు. నేను ఆయన ముఖం చూశాను. కోపం లేదు, సిగ్గు లేదు. హమ్మయ్య అనుకున్నారు. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

కషాయం పెట్టాను. గ్లాసు పట్టుకుని అత్తమ్మ తాగేదాకా నిలబడ్డాను.

నవంబరు 2

చెప్పేశాను.

పొద్దున పాలు కాచి అత్తమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. ఆయన నా ఉద్దేశం కనిపెట్టి తల అడ్డంగా ఊపారు. సీసా తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాను.

"నిన్న అబద్ధం చెప్పాను. ఉంది అత్తమ్మా. ఇది దగ్గు కోసం తెచ్చింది కాదు. ఇది మాకు అలవాటయింది. నాకూ, ఆయనకీ."

తనకేం అర్థమయిందో, ముందు ఒకటే అడిగింది. "అంటే నీకు దగ్గు లేదా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

అల్లాకి శుకర్ చెప్పుకుని నా తల దగ్గరికి లాక్కుంది. నేను ఊహించుకున్నవాటిలో ఇది లేదు. కాసేపు అలాగే ఉండి, తరవాత చేతులు సడలించింది. కొడుకు వైపు తిరిగింది.

"నా ముందు దగ్గిందిరా ఇది. మీ అబ్బా దగ్గినట్టు దగ్గింది. నేను ఈ పిల్ల గ్లాసులో నీళ్ళు తాగాను. నువ్వు చూస్తూ కూర్చున్నావు."

ఆయన నేల మీద కూర్చుండిపోయారు. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. సాయంత్రం దాకా మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. అన్నం పెడితే తింది. చీకటి పడుతుండగా అంది, "ఆ డాక్టరమ్మ ఒక్కదానివే వచ్చినా పర్లేదంది. ఒక్కదానివి ఎందుకు? ముగ్గురం పోదాం."

నవంబరు 6

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. అత్తమ్మ ఛాతీకి గొట్టం పెట్టి చూసి తనకి వేరే మందు రాసింది. మాకు చెప్పింది, ఒక్కసారిగా మానితే ఒళ్ళు ఒప్పుకోదు, మెల్లగా దింపుదాం, వారం వారం రావాలి, గుంటూరులో ఒక డాక్టరుకి కూడా చూపించాలి అని. ఆయన్ని అడిగింది, "ఎవరు మొదలుపెట్టారు?"

"జార్జి" అన్నారు ఆయన.

తరవాత, "నేను. దీనికి ఇచ్చింది నేను" అన్నారు.

నవంబరు 9

ఒళ్ళంతా ఎవరో పిండుతున్నట్టుంది.

నవంబరు 10

అలాగే.

నవంబరు 12

అత్తమ్మ నాకు, ఆయనకి రెండు మంచాలు వేసింది, నడుమ తను స్టూలు మీద. ఒకళ్ళ కాళ్ళు పడుతుంది, ఇటు తిరిగి ఇంకొకళ్ళవి. "కవలలు పుట్టారు నాకు ఈ వయసులో" అంటోంది. ఇంకా పూర్తిగా క్షమించలేదు. పట్టడంలో తెలుస్తోంది. గట్టిగా పడుతోంది.

నవంబరు 19

కార్తీకం పెళ్ళి, బాపట్లలో. వెళ్ళక తప్పదన్నారు. సాయంత్రం వచ్చారు. గుమ్మంలోనే "నగ్మా" అని పిలిచారు. ఆ పిలుపులోనే తెలిసిపోయింది.

ఎంత బాగా మాట్లాడారో. పెళ్ళికొడుకు తాళి కట్టే ముందు తుమ్మాడట, అది అనుకరించి చూపించారు. నా జడ ముడి విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చున్నారు. "జార్జి ఒక్క గుక్కే ఇచ్చాడు. నీకూ తెచ్చాను" అని జేబులో చెయ్యి పెట్టారు.

సీసా అక్కర్లేదనుకోవడం నాకు కష్టం కాలేదు. ఆ మాటలు అక్కర్లేదనుకోవడమే చాలా కష్టమయింది. ఇంకాసేపు అల్లనీ, ఇంకో కబురు చెప్పనీ అనుకుంటూ ఉన్నాను. జడ పూర్తయ్యాక అన్నాను.

"మీరు మాట్లాడకపోయినా నాకు పర్లేదండి."

"అంటే?"

"నాకు ఈ మాటలు ఇష్టం. చాలా ఇష్టం. వీటి కోసమే తాగాను, వీటి కోసమే షాపు షాపూ తిరిగాను. కానీ ఇవి మీవో దానివో నాకు తెలియడం లేదు. మీవి ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి. రాకపోతే ఊరికే కూర్చుందాం."

ఆయన జేబులో చెయ్యి అలాగే ఉంచి లేచి, "అమ్మా" అని వంటింట్లోకి వెళ్ళారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. సీసా అత్తమ్మకి ఇచ్చేశారట.

నవంబరు 23

నిశ్శబ్దం. అలవాటు చేసుకుంటున్నాను.

నవంబరు 27

చేబ్రోలు పెళ్ళి. ఎవరైనా ఊహించగలరా, అత్తమ్మ కూడా వెళ్ళింది! "నేను వెనక కూర్చుంటాను, నీ పని నువ్వు చేసుకో" అని తమలపాకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కెమెరా పక్కన కుర్చీలో కూర్చుందట. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు పెళ్ళికూతురు తరఫనుకుని, వాళ్ళు వీళ్ళ తరఫనుకుని, రెండు వైపులవాళ్ళూ వచ్చి భోంచేశారా అని అడిగారట. వీడియోలో నాలుగుచోట్ల పడింది.

జార్జి ఆవిణ్ణి చూసి దూరంగా తిరిగాడట. అత్తమ్మే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించి, "నీ ఒంట్లో ఎలా ఉంది నాయనా? ఆ పిల్ల ఎలా ఉంది?" అందట. అతను తల ఎత్తలేదట. ఇదంతా అత్తమ్మ చెప్పింది. ఆయన చిరునవ్వు నవ్వారు. అంతే.

డిసెంబరు 2

ప్రశాంతికి ఫోన్ చేశాను. మేం మానేస్తున్నామని చెప్పాను. పకపకా నవ్వింది. "ఎన్నాళ్ళులే వదినా" అంది. కోపం రాలేదు. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. బీచికి ఎప్పుడొస్తారంది. రాలేమన్నాను. "మేమంటే ఇష్టం లేదని చెప్పు సూటిగా" అని పెట్టేసింది.

డిసెంబరు 5

ఎత్తడం లేదు.

డిసెంబరు 12

ప్రశాంతే చేసింది. పలకరింపు లేదు, నవ్వు లేదు. వెనక బస్సు హారన్లు వినబడుతున్నాయి, రోడ్డు మీది ఫోను నుంచి.

"వదినా, మీ డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటారు?"

చెప్పాను. జార్జి కూడా వస్తాడా అని అడిగాను.

"వాడి సంగతి తెలియదు. నేనైతే వస్తా. బండి దిగాక నాకు దారి తెలియదు, స్టేషనుకి వస్తావా?"

అత్తమ్మ పక్కనే ఉంది. ఫోను నా చేతిలోంచి లాక్కుని, "నేనూ వస్తున్నా. ఏమీ తినకుండా రాకు, కళ్ళు తిరుగుతాయి" అని గట్టిగా అరిచింది, బాపట్ల దాకా తన గొంతే వెళ్ళాలన్నట్టు.

డిసెంబరు 17

ఇవాళ అమ్మని చూడటానికి ఆయనా నేనూ రేపల్లె వెళ్ళాం. నిజంగా అమ్మని చూడటానికే.

పొద్దున పాసింజరు. కిటికీ పక్కన నేను. వాన దెబ్బ తిని మిగిలిన చేలల్లో కోతలు కోస్తున్నారు. వేమూరు దాటాక ఆయన గొంతు సవరించుకున్నారు. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతారేమోనని.

"కొత్త లైటు ఒకటి వచ్చింది" అన్నారు.

"ఆహా."

"పాతది వేడెక్కిపోతుంది. పెళ్ళికూతుళ్ళ ముఖాలకి చెమట పడుతుంది. ఇది పట్టదు."

ఇక మొదలయింది. ఆ లైటు ఎంత బరువు, పాతది ఎంత బరువు. లైటుకి గొడుగు తొడిగితే నీడ ఎటు పడుతుంది, తొడగకపోతే ఎటు. మెడలో నగలు మెరవాలంటే ఎక్కడ నిలబెట్టాలి, ఎర్ర చీరకైతే ఎంత, తెల్ల చీరకైతే ఎంత. మాటకీ మాటకీ మధ్య ఇంతింత ఖాళీలు. ఒక్కోసారి అయిపోయిందేమో అనుకుంటే మళ్ళీ అందుకుంటున్నారు. నిమ్మకాయల బస్తాల కథలాంటిది కాదు. నవ్వు రాదు, కన్నీళ్ళు రావు. నాకు సగం అర్థం కాలేదు. భట్టిప్రోలు దగ్గర ఎండ ముఖాన పడింది, ఆయన భుజం దగ్గరగా ఉంది, ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

రేపల్లెలో బండి ఆగాక తట్టి లేపారు.

"విన్నావా?"

"ఆఁ, విన్నానండి."

"ఏం చెప్పాను చివర?"

నేను బురఖా సర్దుకుంటూ దిక్కులు చూశాను. ఆయనకి నవ్వొచ్చింది. సంచీ తనే అందుకుని ముందు దిగి, చెయ్యి ఇస్తూ అన్నారు.

"సర్లే. వెళ్ళేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి చెప్తాను."